గోడవైపు పడక

"ఇంకోసారి దాటు," అంది నోలీన్, పరుపు మీంచి కదలకుండా.

నెల్సన్ ఊళ్ళో మోటర్‌హోమ్‌లు, అంటే లోపలే కాపురముండే బండ్లు, అమ్మేచోట, బండి వెనకనున్న పడక మీద మొగుడూ పెళ్ళాం పడుకుని చూస్తున్నారు. గోడవైపున్న మర్రీ దిగాలంటే పెళ్ళాం మీంచి పాక్కుంటూ రావాలి. ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు.

"పక్క బండిలో రెండు విడి పడకలున్నాయి. మీ వయసువాళ్ళు అవే అడుగుతారు," అంది అమ్మకాలు చూసే తానియా, నవ్వాపుకుంటూ.

"అదే చూపించమ్మా. రాత్రి నాలుగుసార్లు లేస్తాను, ఈవిడ పక్కటెముకలు మిగలవు," అన్నాడు మర్రీ.

తానియా ఆ బండి తాళాల కోసం దిగి వెళ్ళింది.

"నాకిదే కావాలి," అంది నోలీన్.

"నలభయ్యేళ్ళ గురకకి కక్ష తీర్చుకుంటున్నావా?"

"అదీ ఉంది." ఆమె కప్పు వైపు చూస్తూ గొంతు తగ్గించింది. "పోయిన చలికాలం నువ్వు స్నానాలగదిలో పడిపోతే, తెల్లారేదాకా నాకు తెలీనేలేదు. ఇందులోనైతే నన్ను తొక్కకుండా ఎక్కడికీ పోలేవు."

తానియా తిరిగొచ్చేసరికి మర్రీ గోడవైపు సర్దుకుని పడుకున్నాడు.

"రండి మర్రీ, పక్కది చూద్దాం."

"ఎలా రమ్మంటావు తల్లీ?" అన్నాడు కళ్ళు మూసుకునే. "ఇక్కడ కాపలా ఉంది."