స్పానర్‌కు తగిన క్రియాపదం

విసరడానికి ఇంగ్లీషులో మూడు మాటలు: టాస్ చేస్తే మందలింపు, త్రో చేస్తే సస్పెన్షన్, హర్ల్ చేస్తే ఉద్యోగమే ఊడుతుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో చార్జిషీటు ఇంగ్లీషులోనే ఉండాలి మరి.

ఫోర్‌మన్‌కూ కార్మికుడు పెంటయ్యకూ జరిగిన గొడవలో స్పానర్ ఎగిరింది. విచారణాధికారి భీమేశ్వరరావు నిఘంటువు ముందేసుకుని, పెంటయ్య చేతికి ఆ స్పానరే ఇచ్చాడు.

"ఆవేళ ఎంత ఊపుగా విసిరిందీ చూపించవయ్యా."

పెంటయ్య గోడకేసి విసిరాడు.

"టాస్‌కి ఎక్కువ, త్రోకి తక్కువ. ఇంకాస్త కోపంగా!"

తొమ్మిదోసారికి గోడ పెచ్చు ఊడింది.

"హర్ల్!" అంటూ భీమేశ్వరరావు సంబరంగా టైపు చేయించాడు.

పెంటయ్య తలకు చుట్టిన రుమాలు విప్పాడు. నుదుటి మీద ఆరు కుట్లున్నాయి.

"ఫోర్‌మన్ సారు అచ్చం గట్లనే ఇసిరిండు. మంచిగ రాసిన్రు సారూ."

భీమేశ్వరరావు కాగితాల వంక చూశాడు.

"ముందే చెప్పొద్దుటయ్యా! మూడు కాపీలూ నీ పేరు మీదే టైపైపోయాయి."