తొమ్మిదో మలుపు

"స్పిరిట్టు తీసుకెళ్లి కాలే ఇంజిన్లో పోస్తావా? దానికన్నా కొంపకి నిప్పెట్టు, ఓ పనైపోతుంది!"

బానెట్ ఎత్తి కారులోకి వంగిన కొడుకు తల తిప్పలేదు. "పోయడం కాదమ్మా, చిలకరించడం. పాలు పొంగుతుంటే నువ్వు నీళ్లు చల్లవూ? టర్బో గాలిని కుక్కి కుక్కి ఇంజిన్లోకి తోస్తుంది. ఆ గాలి సలసలా కాగిపోతుంది. ఈ డబ్బాలో నీళ్లూ స్పిరిట్టూ సగం సగం కలిపి, ఈ నాజిల్లోంచి జల్లితే చల్లబడుతుంది."

"నీళ్లు చాలవూ?"

"సూది వేసేముందు నర్సు స్పిరిట్టు రాస్తే చెయ్యి జిల్లుమనదూ? అందుకు."

ఫోను మోగింది. "రేపు పదకొండుకల్లా కొండమీద ఉంటాను, కాచుకో!" అన్నాడు నవ్వుతూ.

తల్లి బానెట్ అంచు పట్టుకుంది. "ఎవరితోరా పందెం?"

"రేపు నీకే తెలుస్తుందిగా."

ఆవిడ కళ్లముందు కారు లోయలోకి పల్టీలు కొట్టింది. మంట లేచింది. ఎవరో వచ్చి తలుపు తట్టారు కూడా.

లోపలికెళ్లి తన ఫోన్లో మనవరాలి ఫొటో తెరిచింది. కూతురి కాపురం కొండమీద. పాపకి రెండేళ్లు నిండినా ఇంతవరకూ ఒళ్లోకి తీసుకోలేదు. ఘాట్ రోడ్డు మీద బస్సంటే ఆవిడకి ప్రాణభయం. బొటనవేలితో పాప బుగ్గ నిమిరింది. అద్దం చల్లగా, గట్టిగా తగిలింది.

తెల్లారి కొడుకు స్నానానికి వెళ్లగానే పెరటి కుళాయి చాలాసేపు పారింది. మొదట తుప్పుతో ఎర్రగా, తర్వాత తెల్లగా.

"అమ్మా, చీర మార్చుకో. బయల్దేరదాం."

"నేనెక్కడికి?"

"అక్క దగ్గరికి. పోయినసారి నాలుగో మలుపులోనే ఇంజిన్ టకటకా కొట్టుకుని వెనక్కొచ్చాంగా. ఈ తంటా అంతా అందుకే. నిన్న ఫోను చేసింది కూడా అక్కే."

తల్లి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "ఇవాళ... వద్దురా. ఇంకోరోజు వెళదాం."

"రెండేళ్లుగా కలవరిస్తూ ఇప్పుడు వద్దంటావేంటి? ఎక్కు!"

ఎక్కింది. పాపకి అల్లిన ఉన్ని టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాలుగో మలుపు దాటింది. ఏడు, ఎనిమిది. టోపీ అంచు వేళ్లకి చుట్టుకుపోయింది.

తొమ్మిదో మలుపులో స్టీరింగు వెనక ఎర్ర దీపం వెలిగింది. కొడుకు దిగి నాజిల్ ఊడదీశాడు. నిండా తుప్పు నలకలు. డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"స్పిరిట్టు వాసనే లేదు! ఏ వెధవ చేశాడమ్మా ఈ పని? ఇలాగే ఎక్కితే ఇంజిన్ పోతుంది. వెనక్కి తిప్పాల్సిందే."

ఆవిడ ఒళ్లో ఫోను మోగింది. తెరనిండా పాప మొహం.

"అమ్మమ్మా, ఎప్పుదొత్తావ్?"

కొండ కొసకేసి చూసి, టోపీని గుండెకి అదుముకుని ఆవిడ అంది:

"ఏం చెప్పను తల్లీ... మీ మావయ్య పందేనికి పోతున్నాడనుకుని, స్పిరిట్టు పారబోసి ఆ కుళాయి నీళ్లు నేనే పోశాను."