గంప కింద పుంజు

“కోడలికి సద్దన్నంలోకి ఉల్లిపాయ ముక్క నేదు గానీ, పుంజుగారికి మాత్రం నూకలు నానబెట్టి పెడతాది మా యత్త. మజ్జిగొకటే తక్కువ. సూడొదినా!” అంది కామాక్షి, దడి మీంచి.

అవతల ఎండుచేపలు తిరగేస్తున్న రత్నాలమ్మ నవ్వింది. “అల్లుణ్ణి సూసినట్టు సూత్తంది.”

“అల్లుడైతే నాలుగు రోజులుండి ఎల్లిపోతాడు. ఇది పోదు.”

పుంజుగారు ఈ మాటలేవీ పట్టించుకోకుండా నల్లపెట్ట వెంట పడ్డారు. ఎనిమిది నెలల పిల్లపుంజు. ఇంట్లో ఉన్నవి ఐదు పెట్టలు. ఐదింటికీ వీపు మీద ఈకలు లేవు. కామాక్షి రోజూ ఒక్కోదాన్నీ ఒడిలో పెట్టుకుని ఆ బోడి వీపులకు పసుపూ, కొబ్బరినూనే రాస్తుంది. రాయాలి గనక రాస్తుంది. నాలుగు నెలలుగా ఆమె తినడం, పడుకోవడం కూడా అలాగే సాగుతున్నాయి.

పుంజుని అదుపులో పెట్టడానికి రత్నాలమ్మ చెప్పిన ఉపాయాలన్నీ అయ్యాయి. పగలంతా గంప కింద మూసి, పెట్టలు గూట్లో చేరాక వదలమంది. అత్త ఎర్రమ్మ మధ్యాహ్నానికే గంప ఎత్తేసింది. కాలికి తాడు వేసి కొబ్బరిచెట్టుకు కట్టేస్తే, మందస సంత నుంచి వచ్చిన ఎర్రమ్మ నెత్తిమీది బుట్టయినా దించకుండా ముడి విప్పింది. మీదికి ఎగిరినప్పుడు పట్టుకుని, మెడ నేలకు అదిమి కాసేపు ఉంచితే పొగరు దిగుతుందంది. దిగింది, ఒక పూటకి. రెండో పూట వచ్చి కామాక్షి మడమ మీద పొడిచింది. నెత్తురు కారుతున్న సంగతి అత్త చూసి చెప్పేదాకా ఆమెకు తెలియలేదు.

ఇక కూతకైతే వేళాపాళా లేదు. మిట్టమధ్యాహ్నం కూస్తుంది. పలాస బస్సు హారను కొట్టినా కూస్తుంది.

ఆ కూతే త్రినాథ్‌ను తీసుకుపోయిందని ఊరంతా అంటుంది.

కామాక్షి మొగుడు త్రినాథ్ ఒట్టి నిద్రమొహం. అందరి తెప్పలూ అలలు దాటాక కళ్ళు నులుముకుంటూ ఒడ్డుకు వెళ్ళే రకం. “అందరూ ఎత్తుకుపోయాక నీకు మిగిలేది నాచేరా!” అని తల్లి రోజూ సణిగేది. ఇంట్లో గడియారం లేదు. అందుకే ఎర్రమ్మ ఆ విడత కోడిపిల్లల్లో ఒక పుంజుని అమ్మకుండా ఉంచింది. ఆషాఢంలో, అది కొత్తగా గొంతు సవరించుకుంటున్న రోజుల్లో, త్రినాథ్ ఒకనాడు తెల్లారడానికి చాలా ముందే లేచి వెళ్ళాడు. కామాక్షి ఒళ్ళెరగని నిద్రలో ఉంది. తెల్లారాక వచ్చినవాళ్ళు సముద్రం రంగు చూసి, భుజాల మీంచి వలలు దించకుండానే వెనక్కి తిరిగారు. మూడోనాటికి తెప్ప ఒక్కటే మూలపేట వైపు కొట్టుకొచ్చింది.

“కుర్రపుంజు, ఏళ తెలీదు. ముందే కూసీసింది. తెల్లారిపోనాదనుకుని లేసిపోనాడు నా కొడుకు” అని ఎర్రమ్మ పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పి ఏడ్చింది.

కామాక్షికి ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పుంజుని కోసిన రోజున ఆ ఏడుపేదో వచ్చి తను మళ్ళీ మనిషవుతుందని ఆమె ఆశ.

ఆ రోజు రానే వచ్చింది. కామాక్షి తమ్ముడు సన్యాసి, తన బావ తెప్పకు కొత్త తాళ్ళు బిగించాడు. ఆగిపోయిన తెప్ప మళ్ళీ నీళ్ళలో దిగాలంటే గంగమ్మకు పుంజుని ఇవ్వాలి.

“పుంజేదత్తా?” అన్నాడు, పొద్దున్నే కత్తితో వచ్చి.

“సంతలోంచి తెత్తానురా. దీనికన్నా బరువైంది.”

“ఇంట్లో ఉంటే సంతకెందుకు?”

“ఇది పిల్లది నాయనా. ఇంకా ఎదగనేదు.”

“ఎదగనేదా? ఐదు పెట్టలకి వీపులు బోడి సేసీసింది!” అంది కామాక్షి. “నీ కొడుకుని మింగినదాన్ని నూకలెట్టి మేపుతన్నావు. దీంతో నీకేటత్తా సుట్టరికం?”

కామాక్షి గంప ఎత్తి, పుంజు రెక్కలు దొరకబుచ్చుకుని ఒడ్డుకు నడిచింది. సన్యాసి వెనక నడిచాడు. అతని వెనక చెప్పులైనా లేకుండా ఎర్రమ్మ.

తెప్పకు పసుపు రాసి బొట్టు పెట్టారు. కామాక్షి ఇసకలో కూర్చుని పుంజు కాళ్ళూ రెక్కలూ కలిపి పట్టుకుంది. ఎంతో గింజుకుంటుందనుకుంది గానీ అది గింజుకోలేదు. సన్యాసి కత్తి ఎత్తాడు.

ఎర్రమ్మ వచ్చి ఎదురుగా కూలబడి, పుంజు మెడ మీద అరచెయ్యి వేసింది.

“సెయ్యి తియ్యత్తా, తెగిపోద్ది!”

“తెగనీరా.”

“అత్తకి మతి పోనాదప్పా” అన్నాడు సన్యాసి, కత్తి దించుతూ.

“ఊరందరికీ సెప్పింది నువ్వే కదా!” కామాక్షి గొంతు లేచింది. నాలుగు నెలల్లో అది మొదటిసారి. “దీని కూతకే లేసిపోనాడని సెప్పింది నువ్వు కాదా?”

“నానే సెప్పినాను.”

“మరేటి?”

ఎర్రమ్మ కోడలి మొహం చూడలేదు. చేతి కింది ఈకలనే చూస్తోంది.

“తప్పు నాది పిల్లా.”

“నీదేటి తప్పు?”

“ఆ పొద్దు కోడి కుయ్యనేదు, నానే లేపినాను.”