గుయ్‌మనే పెట్టె

"ఒక్కటే మాట సార్. ఆదివారం లోపట గీ గుయ్ సప్పుడన్న బంద్ గావాలె, లేకుంటే గీ పెట్టెనన్న ఇంట్లకెల్లి పోవాలె," అన్నాడు ఇంటి ఓనరు జనార్ధన్, హాల్లో నిలబడి.

పై వాటాలో అద్దెకుంటున్న రాజారావు కంగారుగా పెట్టె వైపు చూశాడు. ఆ పెట్టె ఆయన ఆరు నెలలు కూర్చుని సొంత చేతులతో బిగించుకున్న యాంప్లిఫయర్. పాట మొదలైతే ఎంత హాయిగా ఉంటుందో! ఖర్మ కాలి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం, పాట ఉన్నా లేకున్నా, తుమ్మెదలా గుయ్‌మంటూనే ఉంటుంది. ఆ రొద నేలలోంచి కింద ఓనరు వాటాలోకి దిగుతోంది.

"మీకు మరీ అంత వినిపిస్తోందాండీ?"

"నాకు గాదు, మా అమ్మకు. నువ్వు ఏడింటికి పెట్టె ఆన్ జేసుడే ఆలస్యం, అర్రల వోయి తలుపేసుకుంటాంది. ఏందే అంటే, ఏం లేదు పో బిడ్డా అంటది. కిరాయికున్నోళ్లను ఏమనాలె అని కడుపుల వెట్టుకుంటాంది."

రాజారావుకు నిజంగా సిగ్గేసింది. పాపం సుక్కమ్మ గారు, ఎనభై ఏళ్ల మనిషి!

మర్నాడే ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి, కౌకూర్ నుంచి స్కూటర్ మీద మేడ్చల్ వెళ్లాడు. అక్కడ మోటార్లకు వైండింగ్ చేసే మల్లేష్ దానికి కరెంటు ఇచ్చి, స్క్రూడ్రైవర్ కొన ఇనుముకు, పిడి చెవికి ఆనించి విన్నాడు.

"లోపట రేకులు వదులైనయ్ సార్, కరెంటు ఇస్తే వణుకుతాన్నయ్. బోల్టులు బిగిచ్చి వార్నిష్‌ల ముంచుత. రెండు దినాలు ఎండవెట్టు. బిగిచ్చెటప్పుడు కింద మెత్తగ రబ్బరు ఏస్కో."

ఎండబెట్టడం డాబా మీద అయింది. ఇక రబ్బరు కోసం ఇల్లంతా గాలించాడు.

"ఏమండీ, నా బాత్రూం చెప్పులేవీ?" అని భార్య పార్వతీదేవి కేక వేసేసరికి ఒక చెప్పు నాలుగు ముక్కలై ట్రాన్స్‌ఫార్మర్ కింద చేరిపోయింది.

"రెండోది ఉందిగా!"

"ఒంటి చెప్పుతో కుంటమంటారా?"

ఆదివారం సాయంత్రం సరిగ్గా ఏడింటికి జనార్ధన్ పరీక్షకు వచ్చాడు. రాజారావు దేవుణ్ణి తలుచుకుని స్విచ్ నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. జనార్ధన్ మోకాళ్ల మీద వంగి పెట్టెకు చెవి ఆనించాడు.

"ఆన్ అయిందా?"

"అయిందండీ."

"మస్తు జేసినవ్ సార్! ఇగ మా అమ్మ పానం సల్లవడ్డట్టే!"

రాజారావు పొంగిపోయాడు. వంటింటి గుమ్మంలో పార్వతీదేవి కూడా చెప్పు సంగతి మరిచి నవ్వింది.

అంతలో మెట్ల మీద అలికిడి. సుక్కమ్మ గోడ పట్టుకుని, రొప్పుతూ పైకి వచ్చింది. చేతిలో భజన చిరతలున్నాయి.

రాజారావు గబగబా ఎదురెళ్లాడు. "రండమ్మా! ఇక మీకు ఏ ఇబ్బందీ లేదు, ఆ రొద పూర్తిగా ఆపేశాను."

"నువ్వేనా ఆపింది?" అంటూ సుక్కమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నా తంబూర పలిగి పదేండ్లాయె. నవ్వుతరని తలుపేసుకొని, నీ పెట్టె శ్రుతి మీదనే తత్వాలు పాడుకుంటున్న. నాలుగొద్దుల సంది చిరతలు వట్టుకొని కూసున్న బిడ్డా, జల్దీ గుయ్‌మనిపియ్యి!"