వెనక్కి రాని చల్లగాలి

"వెనకాల మళ్ళీ ఉడుకేనండీ! పప్పు ఉడికినట్టు ఉడికిపోయా!"

జగ్గయ్యపేటలో వియ్యాలవారి గుమ్మం ముందు వ్యాను దిగి, పుష్పవతి కొంగుతో విసురుకుంటూ మొగుడితో అంది. ముందు సీట్లోంచి దిగిన రామకోటేశ్వరరావుకి ఒళ్ళు మండిపోయింది. నందిగామలో బయల్దేరినప్పట్నుంచీ ఆయన కాళ్ళు చల్లదనానికి కొంకర్లు పోతున్నాయి మరి! పిల్లతల్లులు ఎక్కుతారని ముందుకీ వెనక్కీ మధ్య తెర కట్టించాడు. తెరకి ఇవతల ఊటీ, అవతల ఉప్పుకొటారు. ఆవిడ ఇలా ఉడికి దిగడం ఇది మూడోసారి.

"ఒరే బుల్లిబాబూ! కిందటివారం ఫ్యూజు మార్చానన్నావు. మొన్న బెజవాడ తీసుకుపోయి గ్యాసు పట్టించావు. ఏదిరా చలవ?"

స్టీరింగు దగ్గరున్న మెకానిక్కు బుల్లిబాబు నెత్తి గోక్కున్నాడు. అరుగు మీంచి వియ్యపురాలు కన్యకాపరమేశ్వరి గొంతు లేచింది.

"అన్నయ్యగారూ, ఈ ఎండల్లో కడుపుతో ఉన్న పిల్లని ఆ కొలిమిలో పంపడం నావల్ల కాదు. ఏసీ ఉందన్నారనేగా ఒప్పుకున్నా? వెనకాల చల్లబడితే తీసుకెళ్ళండి. లేకపోతే పురుడు మా ఇంట్లోనే."

రామకోటేశ్వరరావు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. ఎల్లుండి కూతురు ప్రమీలారాణికి ఎనిమిదో నెల పడుతుంది. సరినెలలో పుట్టింటికి తీసుకెళ్ళకూడదు. తొమ్మిదో నెలలో గతుకుల రోడ్డు మీద పంపేది లేదని వాళ్ళు ముందే తేల్చేశారు. తొలి కాన్పు పుట్టింట్లో జరక్కపోతే ఊళ్ళో తలెత్తుకు తిరగడమా? ఆ మాట అటుంచి, గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడ్డ కూతురు నాన్న మొహంకేసే చూస్తోంది.

బుల్లిబాబు వెనక గాలి వచ్చే జాలీ ఊడదీశాడు. గొట్టంలోకి చెయ్యి పోనిచ్చి చూశాడు.

"ఫ్యాను తిరుగుతోంది. గొట్టంలో అడ్డేం లేదు. గాలి చల్లగానే కొడుతోంది షావుకారుగారూ. కావాలంటే మీరే ఓసారి వెనక కూర్చోండి."

ఆయన ఒక్కడే వెనక కూర్చుని సందు చివరిదాకా వెళ్ళొచ్చాడు. పళ్ళు టకటకలాడుతుండగా దిగాడు.

"బ్రహ్మాండంగా ఉందిగదే! రోగం బండికి కాదు, నీ ఒంటికి!"

"నా ఒంటికా? బాగుంది వరస! అయితే వదినగార్ని కూడా ఎక్కించండి. ఆవిడే చెబుతారు."

వదినగారు లోపలికెళ్ళి చీర మార్చుకుని మరీ వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ వెనక, మగవాళ్ళిద్దరూ ముందు. బజారు చుట్టి వచ్చేసరికి పావుగంట పట్టింది. ఇంటి ముందు వియ్యపురాలు దిగింది. బొట్టు కారి ముక్కు మీదకొచ్చింది.

"అమ్మో, నిప్పుల గుండం! పిల్లని పంపను గాక పంపను!"

రామకోటేశ్వరరావు అమాంతం బుల్లిబాబు కాలర్ పట్టుకున్నాడు. "నేనెక్కితే చలి, వీళ్ళెక్కితే సెగ! ఏసీకి కూడా ఆడా మగా తేడా ఉంటుందిరా? నా కొంప ముంచావు గదరా!"

"మా అమ్మ తోడండీ, నాకూ బుర్ర పనిచెయ్యట్లా," అన్నాడు బుల్లిబాబు ఏడుపు మొహంతో. "అమ్మగార్లని ఇంకొక్క చుట్టు రమ్మనండి. బండి నడుస్తుండగా చూద్దాం."

మళ్ళీ బయల్దేరారు. ఇంజను రొదలో వెనక ఏం జరుగుతోందో వినపడి చావదు. నడిబజార్లోకి వచ్చేసరికి ఆయన ఓర్పు చచ్చింది. వెనక్కి తిరిగి తెర ఒక్క లాగు లాగాడు.

అటు అద్దాలూ ఇటు అద్దాలూ బార్లా తెరిచి ఉన్నాయి. వడగాడ్పు ఈ చివర్నుంచి ఆ చివరికి ఈడ్చి కొడుతోంది. ఒక కిటికీలోంచి పుష్పవతి, ఇంకో కిటికీలోంచి వియ్యపురాలు తలలు మెడలదాకా బయటపెట్టి కూర్చున్నారు.

"ఓసి నీ అఘాయిత్యం కూలా! అద్దాలు తీస్తే చలవ ఎట్లా నిలుస్తుందే? ఇంటి ముందు ఆగినప్పుడు మూసే ఉన్నాయిగా!"

"సీట్ల మీద దుమ్ము పడుతుంది, మూసి దిగమన్నది మీరేగా!"

"మరి తియ్యడమెందుకే తల్లీ?"

బట్టల కొట్లో ఎవరికో చెయ్యి ఊపుతూనే వియ్యపురాలు జవాబిచ్చింది.

"ఆ నల్లద్దాలు మూసుక్కూర్చుంటే, ఏసీ బండిలో వెళ్ళేది మేమేనని బజారుకెట్లా తెలుస్తుంది అన్నయ్యగారూ?"