పికిలిపిట్టకు సున్నా

"గోరింక ఐదుసార్లు పొడిచింది, ఐదుకు ఐదు మార్కులు. ఈ పికిలిపిట్ట కదలనే లేదు, సున్నా," అంటూ చంద్రిక పుస్తకంలో రాసుకుంది. చేతికి చిక్కిన పిట్టకు ఎంత కోపమో కొలవడం ఆమె పరిశోధన.

పిట్టను పట్టుకున్న కౌసల్య, ఆ టమాటా తోట ఆసామి భార్య, పకపకా నవ్వింది. "సాధువనుకుంటాండావామ్మా? ఈడ వేలు పెట్టి సూడు."

రెక్క కింద గుండె దడదడలాడుతోంది.

"పెండ్లిచూపుల్లో నేనూ ఇట్లే కూసున్నా. మా ఆయప్ప నాకు సున్నానే ఏసుకోనుంటాడు. ఇప్పుడడుగు!"

చంద్రిక మెల్లగా సున్నా కొట్టేసింది. కౌసల్య పిడికిలి సడలగానే పిట్ట ఆమె వేలిని ఠక్కున పొడిచి, ఎగిరిపోయింది.

పిట్టల్ని పట్టిన వల మడుస్తున్న కౌసల్య మొగుడు చిన్నప్ప తలెత్తకుండానే అడిగాడు: "ఐదుకు పైన మార్కులుండాయామ్మా?"