నలభై ఆరు సెకన్లు

“మా ఆయన్ని పొట్టన పెట్టుకున్నది మీ కంపెనీయే. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వచ్చారు?” అంటూ టాబితా తలుపు వేయబోయింది.

ఎఫ్రయిమ్ క్రాస్లీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు గానీ గుమ్మం దిగలేదు. “కంపెనీ పంపలేదమ్మా. నా అంతట నేనే వచ్చాను. ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను.”

“ఎవరు వదినా?” అంటూ లోపల్నుంచి ఏమస్ వచ్చాడు. చనిపోయిన రైలు డ్రైవరు జేబెజ్‌కి తమ్ముడు. ఆ ఇంజన్లో బొగ్గు వేసినవాడూ అతనే. గురువారం ఇంజన్ పట్టాలు తప్పబోతుండగా దూకేశాడు. భుజం ఎముక విరిగి చెయ్యి మెడకు కట్టుకుని ఉన్నాడు. వచ్చినాయన పోటీ రైల్వే కంపెనీలో ఇంజన్ల వేగం లెక్కగట్టే మనిషని చూడగానే గుర్తుపట్టాడు.

“ఓహో, గడియారం పెద్దమనిషి. రానియ్యి వదినా. అంత గొప్ప రికార్డు రాసిన మనిషి మళ్ళీ మన గడప తొక్కుతాడా?”

టాబితా పక్కకు తప్పుకుంది. వంటింట్లో దండెం మీద ఓట్స్ పిండితో చేసిన పల్చటి రొట్టెలు ఆరేసి ఉన్నాయి. ఎఫ్రయిమ్ వాటి కింద తల వంచుకుని నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నిరుడు అక్టోబరులో వార్డ్‌లీ వాలు మీద మా ఇంజన్ ఒక మైలుని నలభై ఆరు సెకన్లలో దాటిందని పేపర్లో పడింది...”

“గంటకి డెబ్బై ఎనిమిది మైళ్ళు,” అన్నాడు ఏమస్. “మా వీధిలో పాలు పోసేవాడికి కూడా కంఠతా వచ్చు. అబద్ధమని మావాళ్ళు, కాదని మీవాళ్ళు ఆర్నెల్ల పాటు పేపర్లకెక్కి కొట్టుకున్నారు. చివరికి గొడవ కోర్టుకెళ్తే మీరేగా బైబిల్ మీద చెయ్యేసి ప్రమాణం చేసింది?”

“చేశాను. అది దొంగ ప్రమాణం.”

టాబితా పొయ్యి దగ్గర్నుంచి రెండడుగులు ముందుకు వచ్చింది.

“నా గడియారంలో పడింది యాభై రెండు సెకన్లు,” అన్నాడు ఎఫ్రయిమ్. “గంటకి అరవై తొమ్మిది మైళ్ళు. దానికే ఇంజన్ వణికిపోయింది. రైలు పెట్టెలో నా ఎదురుగా నలుగురు డైరెక్టర్లు నా నోటికేసి చూస్తున్నారు. యాభై లోపేనా క్రాస్లీ అన్నారొకాయన. నోటికి నలభై ఆరని వచ్చింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన నన్ను కావలించుకున్నాడు కూడా. ఇక అప్పుడు చెప్పలేకపోయాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి పేపర్లో పడిపోయింది.”

“అందుకని ప్రమాణం కూడా చేసేశారు,” అంది టాబితా.

“చేసేశాను. మీ ఆయన ఆ రికార్డుని కొట్టాలని గురువారం ఆ మలుపులోకి అంత వేగంగా వెళ్ళాడు,” అన్నాడు ఎఫ్రయిమ్. “ఏ ఇంజనూ అందుకోని అంకె అమ్మా అది. లేనిదాని వెనకాల మనిషిని పరిగెత్తించి చంపాను. నాలుగు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు.”

కోటు జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. “జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. పేపరుకి పంపిస్తారో, ఏం చేస్తారో మీ ఇష్టం.”

“ఉద్యోగం పోతుంది, తెలుసా?” అన్నాడు ఏమస్.

“తెలుసు.”

“జైల్లో కూడా వేస్తారు.”

“వెయ్యనీ.”

ఏమస్ ఆ కాగితాన్ని ఒంటిచేత్తో విప్పి, పెదాలు కదుపుతూ చదివాడు. యాభై రెండు అన్న చోట ఆగాడు. వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు. ఒక్కసారిగా బల్ల మీద గుద్దాడు.

“వదినా, ఈస్టర్ సోమవారం మేం మైలుని యాభై సెకన్లలో దాటాం. గార్డు గడియారం పట్టాడు, నేనూ చూశాను. నలభై ఆరు ఉండగా యాభై ఎవడిక్కావాలని ఎవడూ పట్టించుకోలేదు. అంటే అప్పటికే అన్న గెలిచేశాడే. మొన్న మళ్ళీ పోవాల్సిన పనే లేదు.”

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మొహం వెలిగిపోతోంది.

“రేపు చావు విచారణలో మా అన్నని పొగరుబోతనీ, పేరుకోసం ప్రాణం తీసుకున్నాడనీ తేల్చబోతున్నారు. ఈ కాగితం ఇప్పుడే తీసుకెళ్ళి విచారణాధికారి చేతిలో పెడతాను. మీరు కూడా రేపు వచ్చి ఇదే మాట చెప్పాలి.”

“వస్తాను,” అన్నాడు ఎఫ్రయిమ్.

ఏమస్ కోటు భుజాన వేసుకుని బయటికి పరిగెత్తాడు. వీధి చివరదాకా అతని బూట్ల చప్పుడు వినపడుతూనే ఉంది.

టాబితా ఎప్పుడు కూర్చుందో ఎఫ్రయిమ్ గమనించలేదు. మోచేతులు బల్లకి ఆనించి, రెండు అరచేతులతో మొహం కప్పుకుంది. తలుపు దగ్గర అరిచిన మనిషేనా అనిపించేంత చిన్నగా కనబడింది. అతను ఆమె ఎదుటికి వచ్చాడు.

“తిట్టండమ్మా. చెంప పగలగొట్టండి. ఏదో ఒకటి అనండి. ఆయన్ని నేనే చంపాను.”

ఆమె చేతులు తియ్యలేదు.

“ఈస్టర్ సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి ఆయన ఈ మాటే అన్నాడు,” అంది. “వాళ్ళ అంకె అబద్ధం టాబీ, ఏ ఇంజనూ అంత వేగం పోలేదు, గెలిచింది నేనే, ఇక మళ్ళీ ఆ జోలికి పోను అన్నాడు. చేతకానివాళ్ళంతా అలాగే అంటారులే అని నవ్వాను.”